కంపైలర్ రాసింది మనం చదవాలా?



ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలోకి రాగానే మన పిల్లలు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఈ కంపైలర్ డిజైన్ సబ్జెక్టు ఎందుకు పెట్టిన్రు? మనం జావాలో రాస్తం, పైథాన్‌లో రాస్తం. అది లోపల ఏం తయారు చేసుకుంటే మనకేంది? పాస్ మార్కులు తెచ్చుకుని వదిలేస్తే నడవదా?"

దేవరకొండ హాస్టల్‌లో ఉన్నవాళ్లయినా, అచ్చంపేట నుంచి వచ్చి అమీర్‌పేటలో ఒక్క రూములో ఐదుగురు కలిసి ఉంటున్నవాళ్లయినా అడిగేది ఇదే. తప్పు ప్రశ్నేం కాదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న ప్రోగ్రామర్లు కూడా దీని మీద రెండు వైపులా వాదించుకుంటూనే ఉన్నారు. మేము కొందరం సీనియర్లం, ఈ పని చేసే జీతం తీసుకుంటున్నవాళ్లం. మా అభిప్రాయం ఇక్కడ పెడుతున్నాం.

మా జవాబు ముందే చెప్తాం. రోజూ చదవనక్కర లేదు. చేత్తో రాయనక్కర అసలే లేదు. కానీ అవసరం పడ్డ రోజు తెరిచి చదవగలిగే చదువు మాత్రం ఉండాలి. అది మిగతావాళ్లకంటే మనకు ఇంకొంచెం ఎక్కువ అవసరం. ఎందుకో చెప్తాం, జర ఓపికగా చదవండి. పోస్టు పెద్దగానే ఉంటది.

ముందు కొత్తవాళ్ల కోసం నాలుగు మాటలు. మనం రాసే ప్రోగ్రాం ప్రాసెసర్‌కు అర్థం కాదు. దానికి తెలిసినవి చాలా చిన్న చిన్న పనులు: ఇక్కడున్న అంకెను అక్కడ పెట్టు, రెండు అంకెలు కూడు, ఫలానా చోటికి దూకు. మనం సీ భాషలో రాసినదాన్ని ఆ చిన్న పనుల వరుసగా మార్చేది కంపైలర్. ఆ వరుసను మనిషి చదవగలిగే అక్షరాల్లో చూపిస్తే దాన్ని అసెంబ్లీ అంటాం.

చాలామంది ఇది మాటకు మాట అనువాదం అనుకుంటారు. కాదు. మనం చెప్పిన దారిలోనే పోవాలని కంపైలర్‌కు ఏమీ లేదు. మనం చెప్పిన దాని ఫలితం వస్తే చాలు, దారి దాని ఇష్టం.

ఉదాహరణకు ఒక 32 బిట్ల అన్‌సైన్డ్ సంఖ్యను 10తో భాగించమని రాసి, ఆప్టిమైజేషన్ పెట్టి కంపైల్ చేసి చూడండి. వచ్చిన అసెంబ్లీలో చాలాసార్లు భాగహారమే కనబడదు. 3435973837తో గుణించి, వచ్చినదాన్ని 35 బిట్లు కుడికి జరుపుతుంది. మొదటిసారి చూసినవాళ్లకు ఇదేం పిచ్చి అంకె అనిపిస్తది. కాయితం మీద లెక్క చేయండి. 35 రెండ్లను గుణిస్తే 34359738368. దాన్ని 10తో భాగిస్తే 3435973836.8. పైకి సవరిస్తే మన పిచ్చి అంకె. అంటే పదో వంతును ముందే పెద్దగా చేసి పెట్టుకుని, గుణించినంక మళ్లీ చిన్నగా చేస్తున్నది. ప్రాసెసర్‌కు భాగహారం ఖరీదైన పని, గుణకారం చవక. అందుకే ఈ తిరుగుడు.

అంగట్లో కూరగాయలు అమ్మే మన అవ్వలు చేసే లెక్క కూడా ఇదే కదా. 135 రూపాయలు ఐదుగురికి పంచాలంటే అవ్వ భాగహారం చేయదు. రెండింతలు చేస్తే 270, చివరి సున్నా తీసేస్తే 27. అంతే. బడి మెట్టెక్కని మనిషి చేసే ఉపాయం, కంపైలర్ చేసే ఉపాయం రెండూ ఒకే జాతి. ఇది మనకు అందని విద్య అని ఎవరన్నా అంటే నమ్మకండి.

ఇంకోటి చూడండి. సున్నా నుంచి ఎన్ వరకు అంకెలన్నీ కూడే చిన్న లూప్ రాసి క్లాంగ్ అనే కంపైలర్‌కు ఇవ్వండి. ఆప్టిమైజేషన్ పెడితే లూప్ మాయమైతది. పదో తరగతిలో శ్రేఢుల పాఠంలో చదివిన సూత్రం లాంటి గుణకారం ఒకటి దాని స్థానంలో వచ్చి కూర్చుంటది. లక్ష సార్లు తిరగాల్సిన పని నాలుగైదు అడుగుల్లో అయిపోతది.

ఇంత తెలివైనది కాబట్టే, దాన్ని గెలవడానికి అసెంబ్లీ నేర్చుకోమని మేము చెప్పం. ఒకప్పుడు ఆ వాదన ఉండేది. 1952లో గ్రేస్ హాపర్ ఏ-0 తయారు చేసినప్పుడు, 1957లో ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్‌ట్రాన్ తెచ్చినప్పుడు, మనిషి చేత్తో రాసినంత బాగా మిషన్ రాస్తదా అని అప్పటి ప్రోగ్రామర్లకు అనుమానం. ఆ అనుమానం పోగొట్టడానికే బ్యాకస్ వాళ్లు మొదటి కంపైలర్‌లోనే వేగం మీద అంత శ్రమ పెట్టారు. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. మామూలు ప్రోగ్రామర్ చేత్తో రాసే అసెంబ్లీ కంటే చాలాసార్లు కంపైలర్ రాసేదే బాగుంటది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మనలో ఎక్కువ మందికి వచ్చే ఉద్యోగాలు జావా, జావాస్క్రిప్ట్, పైథాన్, టెస్టింగ్, సపోర్ట్. అక్కడ ఏళ్ల తరబడి అసెంబ్లీ ముఖం చూడకుండా పనిచేయొచ్చు. వెబ్‌సైట్ నెమ్మదిగా ఉందంటే నూటికి తొంభై సార్లు డేటాబేస్ క్వెరీ చూసుకోవాలి గానీ ప్రాసెసర్ రిజిస్టర్లు కాదు. ఇంటర్వ్యూలో కూడా ఎవరూ అసెంబ్లీ అడగరు. కాబట్టి "నేర్చుకోకపోతే ఉద్యోగం రాదు" అని మిమ్మల్ని భయపెట్టం.

మరి ఎందుకు?

మన జూనియర్లు కొందరు చేసిన ఒక మినీ ప్రాజెక్టు సంగతి చెప్తాం. బోరు మోటర్ అంటే ఏందో నల్లగొండ, పాలమూరు పిల్లలకు వేరే చెప్పనక్కర లేదు. బోరులో నీళ్లు అయిపోయినంక మోటర్ వట్టిగా తిరిగితే కాలిపోతది. మళ్లీ వైండింగ్ చేయించాలంటే ఆ పంట మీద మిగిలే పైసలు దానికే పోతయ్. అందుకని వాళ్లు ఒక చిన్న బోర్డు పెట్టి స్టార్టర్ తయారు చేశారు. నీళ్లు ఆగిపోగానే సెన్సర్ నుంచి ఇంటరప్ట్ వస్తది. ఇంటరప్ట్ రాగానే ఒక వేరియబుల్ సున్నా నుంచి ఒకటి అవుతది. ప్రధాన ప్రోగ్రాం ఆ వేరియబుల్ ఒకటి అయ్యేదాకా ఒక లూప్‌లో కాపలా కాస్తది. అయిందంటే రిలే ఆపేస్తది, మోటర్ ఆగుతది. కోడ్ పది లైన్లు. ఎవరు చదివినా సరిగ్గానే ఉంది.

బల్ల మీద పెట్టి చూస్తే పనిచేయలేదు. సెన్సర్ నుంచి సిగ్నల్ వస్తున్నది, రిలే మాత్రం కదలదు. లోపల ఏమైతుందో చూద్దామని లూప్‌లో ఒక ప్రింట్ పెట్టారు. పెట్టగానే పనిచేసింది! సరే అని ప్రింట్ తీసేస్తే మళ్లీ మొండికేసింది. సెన్సర్ మార్చారు, వైర్లు మార్చారు, బోర్డు మార్చారు. ఏఐని అడిగితే లూప్‌లో కొంచెం డిలే పెట్టమన్నది. పెడితే పనిచేసింది కూడా. ఎందుకు చేసిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఇంకొకరు "ప్రింట్ అట్లనే ఉంచుండ్రి, డెమో అయిపోతది" అన్నారు.

డెమో అయిపోతది, నిజమే. ఆ తర్వాత దాన్ని ఎవరో ఒకరి పొలంలో పెడతారు. ఎవరో ఒకరు వచ్చి "ఈ ప్రింట్ ఎందుకు, అనవసరం" అని తీసేస్తారు. మోటర్ కాలేది అప్పుడు.

చివరికి వాళ్లలో ఒక చెల్లె ఆ బోర్డు కోసం తయారైన అసెంబ్లీని బయటికి తీసింది. అన్నీ అర్థం కాలేదు, కాని లూప్ ఉండాల్సిన చోటు వెతికింది. అక్కడ ఏముందంటే, వేరియబుల్‌ను ఒక్కసారి చదివి, అది సున్నా అయితే తన మీదికే తాను దూకే ఒక్క జంప్. అంతే. మళ్లీ చదవడం అనేదే లేదు. లోకం మునిగినా ఆ లూప్ బయటికి రాదు.

కంపైలర్ తప్పు చేసిందా? లేదు. దాని ఆలోచన ఇది: "ఈ లూప్ లోపల ఈ వేరియబుల్‌ను ఎవరూ మార్చట్లేదు. వేరే ఫంక్షన్‌ను పిలవట్లేదు. మారని దాన్ని మళ్లీ మళ్లీ చదవడం దండగ." ఇంటరప్ట్ అనేది ప్రోగ్రాం నడక బయటి నుంచి వచ్చి మారుస్తుందని దానికి మనం చెప్పలేదు. ప్రింట్ పెట్టినప్పుడు ఎందుకు పనిచేసిందంటే, ప్రింట్ ఒక ఫంక్షన్. "ఆ ఫంక్షన్ పోయి ఈ వేరియబుల్‌ను మార్చిందేమో" అని కంపైలర్ జాగ్రత్తపడి మళ్లీ చదువుతది. డిలే పెట్టినా అదే కారణం. మందు పడింది గానీ రోగం తెలియలేదు.

వేరియబుల్ ముందు వోలటైల్ అనే ఒక్క మాట పెడితే సమస్య తీరిపోయింది. "ఇది నీకు తెలియకుండా మారొచ్చు, ప్రతిసారీ చదువు" అని కంపైలర్‌కు చెప్పే మాట అది. సీ పుస్తకంలో ఆ మాట అందరూ చదివిందే. రెండు మార్కుల ప్రశ్న. దాని అర్థం మాత్రం ఆ జంప్‌ను కళ్లతో చూసిన రోజే తెలిసింది.

మా వాదనంతా ఈ ప్రాజెక్టులోనే ఉంది. ఆ చెల్లెకు అసెంబ్లీలో ప్రోగ్రాం రాయడం రాదు. రావాల్సిన అవసరం కూడా పడలేదు. ఫలానా చోట ఏం జరుగుతుందో చూద్దామనే ధైర్యం, చూస్తే నాలుగు ఇన్‌స్ట్రక్షన్లు గుర్తుపట్టే చదువు ఉన్నాయి. అవి సరిపోయాయి.

ఇక్కడ ఒక మాట అర్థం చేసుకోవాలి. కంపైలర్‌తో మనకు ఒక ఒప్పందం ఉంటది. భాష ప్రమాణం అనే పుస్తకంలో ఆ ఒప్పందం రాసి ఉంటది. మన వైపు షరతులు మనం పాటిస్తే, దాని వైపు ఫలితం అది ఇస్తది. మనం తప్పితే అది ఏ బాధ్యతా తీసుకోదు. సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో దీన్నే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అంటారు. "ఏమైనా కావచ్చు" అని అర్థం. చాలామంది దీన్ని "ప్రోగ్రాం ఆగిపోవచ్చు" అని మాత్రమే అనుకుంటారు. అసలు ప్రమాదం ఆగిపోవడంలో లేదు. అన్నీ బాగున్నట్టే నడుస్తూ, మనం పెట్టిన కాపలాను కంపైలర్ చప్పుడు లేకుండా తీసేయడంలో ఉంది.

2009లో లైనక్స్ కర్నెల్‌లోనే ఇది జరిగింది. నెట్‌వర్క్‌కు సంబంధించిన టన్ అనే డ్రైవర్‌లో ఒక పాయింటర్ ఉంది. కోడ్‌లో ముందు లైనులో ఆ పాయింటర్ చూపించే చోటి నుంచి ఒక విలువ తీసుకున్నారు. ఆ తర్వాత "ఈ పాయింటర్ నల్ అయితే వెనక్కి పో" అనే పరీక్ష పెట్టారు. ఇంట్లోకి నడిచిపోయినంక తలుపుకు తాళం ఉందా అని అడిగినట్టు. జీసీసీ కంపైలర్ ఏమనుకుందంటే, "ఇప్పటికే దాన్ని వాడారు, అంటే అది నల్ కాదు, నల్ అయితే వాడటం ఒప్పందానికి విరుద్ధం. కాబట్టి ఈ పరీక్ష అనవసరం." పరీక్షను తీసేసింది. సోర్స్ కోడ్‌లో కాపలా కనిపిస్తున్నది, నడిచే కోడ్‌లో లేదు. ఆ సందు నుంచి మామూలు యూజర్ మొత్తం కంప్యూటర్‌ను చేతిలోకి తీసుకునే దారి దొరికింది. ఆ తర్వాత కర్నెల్‌ను కంపైల్ చేసేటప్పుడు ఇట్లాంటి పరీక్షలు తీసేయొద్దని జీసీసీకి ప్రత్యేకంగా ఆప్షన్ ఇస్తున్నారు.

ఆ కోడ్ రాసినవాళ్లు, చూసినవాళ్లు ప్రపంచంలో మంచి ప్రోగ్రామర్లు. సోర్స్ ఎన్నిసార్లు చదివినా కాపలా అక్కడే కనబడుతది.

ఇట్లాంటివే ఇంకొన్ని ఉన్నాయి. 32 బిట్ల ఇంట్‌లో పట్టే పెద్ద అంకె 2147483647. దానికి ఒకటి కలిపితే హద్దు దాటుతది కాబట్టి, "ఒకటి కలిపినంక తగ్గిందా" అని కొందరు పరీక్ష రాస్తారు. సీ లో సైన్డ్ సంఖ్య హద్దు దాటడమే ఒప్పందానికి విరుద్ధం. కాబట్టి తగ్గే ప్రశ్నే రాదని కంపైలర్ ఆ పరీక్షను కొట్టేయొచ్చు. పాస్‌వర్డ్ వాడినంక మెమరీలో దాన్ని సున్నాలతో తుడిచేసే లైను రాస్తే, "తర్వాత ఎవరూ చదవని చోటును తుడవడం ఎందుకు" అని ఆ లైనునూ తీసేయొచ్చు. ఇవన్నీ పరీక్షలో వచ్చే ప్రశ్నలు కావు, బ్యాంకు యాప్‌లలో, రూటర్లలో, కరెంటు మీటర్లలో ఉండే సంగతులు.

కంపైలర్‌లో నిజంగా తప్పులుండవా అంటే, ఉంటాయి. యూటా యూనివర్సిటీ వాళ్లు సీస్మిత్ అనే పరికరంతో కంపైలర్లకు వింత వింత ప్రోగ్రాంలు తినిపించి, అంతకుముందు తెలియని తప్పులు 325 కంటే ఎక్కువ బయటపెట్టి 2011లో ప్రకటించారు. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లు "కంపైలర్‌లోనే తప్పుంది" అంటే నవ్వుకోండి. దాదాపు ప్రతిసారీ తప్పు మన దగ్గరే ఉంటది. అయితే అది మనదా కంపైలర్‌దా అని తేల్చడానికి కూడా అది రాసింది చదవాల్సిందే.

ఇప్పుడు మన పిల్లల అసలు అభ్యంతరం దగ్గరికి వద్దాం. అది ఇదీ: "అన్నా, మీరు సెటిలైపోయిన్రు, చెప్తరు. మేము ఇంట్లో మొదటిసారి ఇంజినీరింగ్ చదువుతున్నోళ్లం. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీలో సర్టిఫికెట్లు ఆపుతరు. బాపు హైదరాబాద్‌లో ఆటో నడుపుతున్నడు. నాలుగు నెలల్లో ఉద్యోగం తెచ్చే కోర్సు ముందా, రిజిస్టర్లు ముందా?"

ఈ మాటను మేము తేలిగ్గా తీసుకోం. ముందు ఉద్యోగమే. ఇంటికి పైసలు పంపేది ముందు. మేమూ ఆ దారిలోనే వచ్చాం. కోర్సు మానేసి అసెంబ్లీ పుస్తకం పట్టుకోమని చెప్పేవాడు మీ మేలు కోరేవాడు కాదు.

కానీ ఉద్యోగం వచ్చినంక ఏ మెట్టు మీద ఆగిపోతం అనేది ఇంకో ప్రశ్న. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడెక్కడి డ్యాములు, కాలువలు మన జిల్లా నుంచి పోయినోళ్ల చేతులతో లేచినయ్. ఆ చేతుల్లో పనితనం తక్కువుండెనా? లేదు. ప్లాన్ కాయితం చదివేటోడు ఇంకొకడు, అంతే తేడా. ప్లాన్ చదివేటోడు ఎంత చెప్తే అంత మట్టి ఎత్తాలి. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఈ తేడా ఉంది. ఏసీ గదిలో, మెడలో ఐడీ కార్డుతో ఉంటది కాబట్టి కనబడదు. ఫ్రేమ్‌వర్క్ చెప్పినట్టు రాసేవాళ్లు వేలల్లో ఉంటారు. అది ఎందుకు పనిచేయట్లేదో కిందికి దిగి చెప్పగలిగేవాళ్లు ప్రతి ఆఫీసులో ఇద్దరు ముగ్గురే ఉంటారు. ఖర్చు తగ్గించుకోవాలని కంపెనీ అనుకున్న రోజు ముందు ఎవరి పేరు వస్తదో మేము చూశాం.

ఆ ఇద్దరు ముగ్గురిలో మనవాళ్లు ఎందుకుండొద్దు? కింది మెట్టు చదువు పెద్ద కాలేజీలవాళ్లదని ఎవరో రాసిపెట్టలేదు కదా. మన పక్కనే, సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో కంపైలర్ల మీద పరిశోధన చేసే బృందం ఉంది. ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ వ్యవస్థ మీద వాళ్లు చేసిన ఐఆర్‌టువెక్ అనే పని 2020లో అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్పుల కంపెనీల ఆఫీసులు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. గేట్ పరీక్ష సిలబస్‌లో కంపైలర్ డిజైన్ ఉంది. దారులు లేవని కాదు, ఆ వైపు చూడమని మనకు చెప్పేవాళ్లు తక్కువ.

ఈ రెండు మూడేళ్లలో ఈ ప్రశ్న ఇంకో మెట్టు పైకి ఎక్కింది. ఇప్పుడు సోర్స్ కోడే ఏఐ రాసి ఇస్తున్నది. దాన్ని చదవకుండా వాడేవాళ్లు ఒక వాదన తెస్తున్నారు: "కంపైలర్ రాసింది మీరు చదువుతున్నరా? లేదు కదా. నమ్మి నడిపిస్తున్నరు. ఏఐ రాసింది మాత్రం ఎందుకు చదవాలె? అదీ ఒక కంపైలరే అనుకోండ్రి."

వినడానికి బాగుంది. పోలిక మాత్రం కుదరదు. పైన చెప్పిన ఒప్పందం గుర్తు చేసుకోండి. కంపైలర్‌ను మనం చదవకుండా నమ్మేది అది తెలివైనదని కాదు. రాసిపెట్టిన ఒప్పందం ఉంది. అదే వెర్షన్‌కు, అదే ఆప్షన్లతో, అదే కోడ్ ఇస్తే ఈ రోజు ఇచ్చిందే రేపూ ఇస్తది. తప్పిందంటే ఫలానా చోట తప్పిందని వేలు పెట్టి చూపించొచ్చు. లక్షల మంది రోజూ వాడుతూ ఆ తప్పులు పట్టుకుంటున్నారు. ఇంత ఉన్నా అప్పుడప్పుడు తెరిచి చూడాల్సి వస్తున్నది. మనం తెలుగులోనో ఇంగ్లీషులోనో నాలుగు మాటలు రాసి ఏఐని అడిగినప్పుడు ఏ ఒప్పందం ఉంది? మన మాటకు అదే అర్థమని ఎక్కడ రాసి ఉంది? నిన్న ఇచ్చిన జవాబు ఈ రోజు ఇవ్వకపోతే ఎవరిని అడుగుతాం? మోటర్ ప్రాజెక్టులో డిలే పెట్టమన్న సలహా గుర్తుందా? పనిచేసే సలహానే. కారణం లేని సలహా.

ఏఐ వాడొద్దని మేము చెప్పట్లేదు. మేమూ వాడుతున్నాం. అసెంబ్లీలో అర్థం కాని లైను ఉంటే దాన్నే అడగండి, మంచిగ వివరిస్తది. తర్వాత మాన్యువల్ తీసి సరిచూసుకోండి. ఒప్పందం ఉన్న చోట కళ్లు మూసుకోవడం వేరు, లేని చోట మూసుకోవడం వేరు.

కాయితం చదవకుండా నమ్మితే ఏమైతదో మన ఇళ్లలో ఎవరికి తెలియదు? నిజాం కాలంలో సర్కారు భాష ఉర్దూ. మన గోర్ బోలీకి లిపి లేదు. ముత్తాతలు చదవలేని కాయితం మీద వేలిముద్ర వేసి వచ్చేవాళ్లు. లోపల ఏం రాసి ఉందో పట్వారీ చెప్పిందే నిజం. తండాలో అందరికీ ఉర్దూ రావాల్సిన పని ఉండెనా? లేదు. చదివి చెప్పే మనిషి ఒక్కడుంటే, అతను మనవాడైతే, చాలా భూములు నిలిచేవి.

ఇప్పుడు ఆ కాయితం స్థానంలో కంప్యూటర్ వచ్చింది. మన రాష్ట్రంలో కంప్యూటర్ లెక్క మీద ఆధారపడి, ఇంటికి వచ్చి చూడకుండా రద్దు చేసిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను మళ్లీ ఇల్లిల్లూ తిరిగి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అది కంపైలర్ తప్పు కాదు, దాన్ని దీనితో కలపకండి. కానీ "సిస్టమ్‌లో గట్లనే వచ్చింది" అనే మాట ఆఫీసు కిటికీ దగ్గర మన యాడి-బాపులు వినే మాటే. ఆ సిస్టమ్ రాసే గదిలో రేపు మీరు కూర్చుంటారు. అక్కడ కూర్చున్నోళ్లు కూడా "టూల్ గట్లనే ఇచ్చింది" అంటే, కిటికీ ఇవతల నిలబడ్డ మనిషికి జవాబు చెప్పేది ఇంకెవరు?

ఇక ఎట్లా మొదలుపెట్టాలి అనే దానికి వస్తాం. ల్యాప్‌టాప్ లేకపోయినా పర్వాలేదు. కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ అని ఒక వెబ్‌సైట్ ఉంది. మ్యాట్ గాడ్‌బోల్ట్ అనే ప్రోగ్రామర్ 2012లో మొదలుపెట్టాడు, అందరూ గాడ్‌బోల్ట్ అనే పిలుస్తారు. ఉచితం, ఫోన్ బ్రౌజర్‌లో కూడా తెరుచుకుంటది. ఎడమ వైపు మీ సీ కోడ్ రాస్తే కుడి వైపు అసెంబ్లీ వస్తది, ఏ లైను దేని నుంచి వచ్చిందో రంగులతో చూపిస్తది. ఫోన్ అడ్డంగా తిప్పి పట్టుకోండి, లేకపోతే ఇరుకైతది.

మొదటి రోజే ఇంటెల్ అసెంబ్లీ చూసి భయపడకండి, అది నలభై ఏళ్ల పాత సామాను మోసుకుని తిరిగే భాష. కంపైలర్ల జాబితాలో రిస్క్-ఫైవ్ ఎంచుకోండి. దాని 32 బిట్ల మూల సెట్‌లో ఇన్‌స్ట్రక్షన్లు 40 మాత్రమే. అందులో పది పన్నెండు గుర్తుపడితే చిన్న ఫంక్షన్లన్నీ చదవొచ్చు. మొదట రెండు అంకెలు కూడే ఫంక్షన్. తర్వాత ఒక ఇఫ్. తర్వాత ఒక లూప్. ప్రతిదాన్నీ ఆప్టిమైజేషన్ లేకుండా ఒకసారి, ఓ2 పెట్టి ఒకసారి చూడండి. తేడా ఎందుకొచ్చిందో నోటుబుక్కులో రెండు లైన్లు తెలుగులోనే రాసుకోండి. వారానికి ఒక గంట చాలు. సెమిస్టర్ అయ్యేసరికి కంపైలర్ డిజైన్ పేపర్‌లో కోడ్ జనరేషన్ యూనిట్ చదవకుండానే సగం వచ్చేసి ఉంటది, అది వేరే లాభం.

జావావాళ్లకు జావాపీ అనే పరికరం జేడీకేతోనే వస్తది, క్లాస్ ఫైలులో ఉన్న బైట్‌కోడ్‌ను చూపిస్తది. లూప్‌లో ప్లస్ గుర్తుతో స్ట్రింగులు అతికించే కోడ్ రాసి, దాంతో తెరవండి. ప్రతి తిరుగుడుకూ కొత్త స్ట్రింగ్ ఎట్లా పుడుతున్నదో చూస్తే, స్ట్రింగ్‌బిల్డర్ వాడమని సార్లు ఎందుకు మొత్తుకుంటారో తెలుస్తది. పైథాన్‌లో డిస్ అనే మాడ్యూల్ ఉంది, రెండు లైన్ల పని.

సంక్రాంతి సెలవుల్లో మాలో ముగ్గురం ఊళ్లలోనే ఉంటాం. దేవరకొండలో ఒక రోజు, అచ్చంపేటలో ఒక రోజు కూర్చుందామనుకుంటున్నాం. అమ్రాబాద్ పెంటల నుంచి వచ్చే చెంచు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు బస్సు టైము చూసుకునే పెడతాం. ఆ మోటర్ స్టార్టర్ బోర్డును, వోలటైల్ లేని పాత కోడ్‌తో సహా, ఆ చెల్లె తీసుకొస్తానన్నది. వచ్చేవాళ్లు ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని రండి, ఒక నోటుబుక్కు కూడా.